పిల్లలు ‘అన్నీ అబద్ధాలే టీచర్’ అంటున్నారు. వార్త చదవడం ఎలా నేర్పాలి?

బడిగంట | శనివారం, రాత్రి 9:40

నేను మల్కాజిగిరి వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాను. ఈ ఏడాది ఎనిమిదో తరగతికి వారానికి ఒక పీరియడ్ వార్తలు, ప్రకటనలు, ఫోన్లో వచ్చే వీడియోల గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్నాం. హెడ్మాస్టర్ గారు కూడా సరేనన్నారు.

మొదట్లో పిల్లలకు భలే ఉత్సాహం. 2020 అక్టోబరు వానలప్పుడు మూసారాంబాగ్ వంతెన అంటూ మా కాలనీ గ్రూపులో ఒక ఫొటో తిరిగింది. దాన్ని వాళ్ల ముందే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికాను. అది వేరే రాష్ట్రంలోది, అంతకు రెండేళ్ల ముందుది. క్లాసంతా చప్పట్లు. అట్లా ఆరు వారాలు వరసగా అబద్ధాలే పట్టుకుంటూ పోయాం.

మొన్న ఒకబ్బాయి స్నానం చేయకుండా బడికి వచ్చాడు. ఏమైందంటే చెప్పాడు. పైపులైన్ మరమ్మతు వల్ల మరుసటి రోజు నీళ్లు రావని ముందు రాత్రి వాళ్ల బస్తీ గ్రూపులో మెసేజ్ వచ్చిందట. వాళ్లమ్మ డ్రమ్ము నింపబోతుంటే వీడే ఆపాడు. ‘ఫేక్ మెసేజ్ అమ్మా, మా టీచర్ చెప్పింది, ఫార్వర్డ్ వస్తే నమ్మొద్దని’ అన్నాడట. తెల్లారి చుక్క నీళ్లు లేవు. మెసేజ్ నిజమే.

నేను అలా చెప్పలేదు. కానీ వాడికి అలాగే అర్థమైంది. తర్వాతి పీరియడ్‌లో పేపరు చూపించి ‘ఇందులో నిజమేది’ అని అడిగితే, ‘అన్నీ అబద్ధాలే టీచర్’ అని ముగ్గురు నలుగురు ఒకేసారి అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. ఎక్కడ తప్పు చేశాను? ఎలా సరిచేయాలి?

లెక్కలసారు | శనివారం, రాత్రి 10:15

మేడమ్, మీ శ్రమను గౌరవిస్తూనే చెప్తున్నాను. సిలబస్ పూర్తవడమే గగనం. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు, మధ్యలో సర్వేలు, ట్రైనింగులు. తొమ్మిదో తరగతికి వచ్చినా భాగహారం రాని పిల్లలున్నారు మా బడిలో. ముందు వాళ్లకు చదవడం, రాయడం, లెక్క చేయడం వస్తే మంచీ చెడూ వాళ్లే తెలుసుకుంటారు. ఇది పెద్దయ్యాక నేర్చుకోవచ్చు కదా.

సుజాత_ఉప్పల్ | శనివారం, రాత్రి 10:52

సార్, నేను డిగ్రీ చదివాను, చదవడం రాయడం నాకు వచ్చు. అయినా మోసపోయాను. నా అనుభవం చెప్తాను.

మా పెద్దోడి పదో తరగతి అయిపోయిన ఏడాది, రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్ మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, ర్యాంకులు. టీవీ పెడితే ఊపిరి తీసుకోకుండా అంకెలు చదువుతున్నారు. ఆ ఊపులో ఒక కాలేజీలో చేర్పించాం. పేరెందుకులెండి. ఆ ఫొటోల్లో ఒకమ్మాయి ఇంకో కాలేజీ ప్రకటనలోనూ ఉందని నేను గమనించింది ఫీజు కట్టిన నాలుగు నెలలకు, పాత పేపర్లు కాటాకు వేస్తున్నప్పుడు. రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఒక కాలేజీలో ఇంటర్ చదివింది, రెండోదాంట్లో చివర్లో టెస్ట్ సిరీస్ రాసిందట. రెండు కాలేజీలవాళ్లూ ‘మా అమ్మాయే’ అన్నారు.

పేజీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది. అది చదవాలని మాకెవరూ నేర్పలేదు. మా చిన్నది ఇప్పుడు తొమ్మిదో తరగతి. మేడమ్ లాంటి వాళ్లు దానికి దొరికితే బాగుండు.

పాతపేపర్ | ఆదివారం, ఉదయం 6:30

బడిగంట గారూ, నేను ఇరవై రెండేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో, అంటే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే చోట, సబ్‌ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. చిక్కడపల్లిలో ఉంటాను. రాత్రే చదివాను గానీ, నిదానంగా రాద్దామని ఆగాను.

మీరు పిల్లలకు దొంగను పట్టుకోవడం నేర్పారు. వార్త ఎలా తయారవుతుందో ఇంకా చూపించలేదు. వంటింట్లోకి రాని మనిషి, ఒకసారి ఉప్పెక్కువైతే హోటలు కూడంతా చెడ్డదే అనుకుంటాడు. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ఏ కూర ఎందుకు మాడిందో తెలుస్తుంది. పిల్లల్ని డెస్కులో కూర్చోబెట్టండి.

మా డెస్కులో కొత్త కుర్రాళ్లకు నేను పెట్టిన అభ్యాసం ఒకటి చెప్తాను. ఏదైనా పేపరు తీసుకుని నాయకుల మాటలున్న వార్తల్లో వాక్యాల చివరి క్రియలన్నీ గీతలు గీయమనండి. మండిపడ్డారు, ధ్వజమెత్తారు, విరుచుకుపడ్డారు, ఎద్దేవా చేశారు, హితవు పలికారు, స్పష్టం చేశారు, వెల్లడించారు, కొట్టిపారేశారు, ఒప్పుకున్నారు. అన్నీ కొట్టేసి ‘అన్నారు’ అని రాయమనండి. ఇప్పుడు వార్త మళ్లీ చదవమనండి.

అప్పుడు తెలుస్తుంది. ‘స్పష్టం చేశారు’ అంటే ఆయన మాటలో స్పష్టత ఉందని మనం ముందే ఒప్పేసుకున్నట్టు. ‘ఒప్పుకున్నారు’ అంటే తప్పు జరిగిందని తీర్పు చెప్పేసినట్టు. ‘వెల్లడించారు’ అంటే దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టినట్టు. ‘ఎద్దేవా చేశారు’ అంటే ఎదుటివాడు నవ్వులపాలైనట్టు. ఆ మనిషి అన్న మాట ఒకటే, మేం తొడిగిన క్రియ మారితే పాఠకుడి మనసు మారుతుంది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, అందుకే ఏ యాప్‌లో వెతికినా దొరకదు.

రెండోది, ఎవరు చెప్పారు అన్నది. ‘సమాచారం’, ‘తెలిసింది’, ‘విశ్వసనీయ వర్గాల కథనం’, ‘గుసగుసలు వినిపిస్తున్నాయి’. ఈ నాలుగూ ఒక్కటి కావు. నిజంగానే పేరు చెప్పలేని అధికారి ఉంటాడు, అతన్ని కాపాడాలి. కానీ ‘గుసగుసలు’ అన్నప్పుడు చాలాసార్లు ఎవరూ ఉండరు. ఒక వార్తలో పేరున్న మనుషులు ఎంతమంది, పేరు లేనివాళ్లు ఎంతమంది అని లెక్కపెట్టమనండి చాలు.

పాతపేపర్ | ఆదివారం, ఉదయం 6:48

ఒకటి మర్చిపోయాను. పేపర్ చివరి పేజీ అడుగున సన్నటి వరసలో ముద్రించినవారు, ప్రచురించినవారు, ఎడిటర్ పేర్లు, ప్రెస్ చిరునామా ఉంటాయి. డెస్కులో దాన్ని ఇంప్రింట్ లైన్ అంటాం. అది 1867 నాటి చట్టం నుంచి వస్తున్న నియమం. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. రాసినదానికి జవాబు చెప్పే మనిషి ఫలానా అని ఒప్పుకోవడం అది. బస్తీ గ్రూపులో వచ్చిన మెసేజ్‌కు ఆ గీత ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలకు ఉపన్యాసం అక్కర్లేదు.

ఓయూ_పీజీ | ఆదివారం, ఉదయం 11:05

పాతపేపర్ సార్ చెప్పింది అద్భుతం. నేను జర్నలిజం చదువుతున్నాను, ఒక చిన్న మాట కలుపుతాను.

నీళ్ల మెసేజ్ విషయంలో ఆ తమ్ముడికి లోపించింది అనుమానం కాదు, తర్వాతి అడుగు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక పరిశోధన చేశారు, 2019లో అచ్చైంది. పదిమంది చరిత్ర పండితులు, పదిమంది వృత్తి ఫ్యాక్ట్‌చెకర్లు (వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్లు), 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. అందరికీ అవే వెబ్‌సైట్లు ఇచ్చి, ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. పండితులు, విద్యార్థులు ఆ పేజీలోనే కూర్చుని లోగో ఎలా ఉంది, భాష ఎంత బాగుంది, కింద రిఫరెన్సులు ఉన్నాయా అని చూశారు. చాలామంది బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం పేజీ చదవకముందే పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు.

మన ఊళ్లో సంబంధం చూసేటప్పుడు చేసేది ఇదే కదా! అబ్బాయినే ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘నువ్వు మంచివాడివా’ అని అడగం. వాళ్ల వీధిలో వాకబు చేస్తాం. మెసేజ్‌ను గుచ్చిగుచ్చి చూడకుండా నీళ్ల బోర్డు వాళ్లు ఏమన్నారో చూడటం, పక్క వీధి ఆంటీకి ఫోన్ చేయడం, అదీ వాకబు. పిల్లలకు ఈ పదమే నేర్పండి మేడమ్. వాకబు చేశావా అని అడగండి.

ఇంకోటి. వాట్సాప్‌లో ఒక బాణం గుర్తుంటే ఫార్వర్డ్, రెండు బాణాలుంటే చాలా చేతులు మారిందని. మన దేశంలో 2018 జూలైలో ఒకేసారి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి ఆ రెండు బాణాల మెసేజ్‌లను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అది అబద్ధమని చెప్పే గుర్తు కాదు. ‘దీని అసలు మనిషి నీకు తెలిసినవాడు కాకపోవచ్చు’ అని మాత్రమే దాని అర్థం.

లెక్కలసారు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

సుజాత గారి పోస్టు రాత్రి రెండుసార్లు చదివాను. ‘నేల మీద కూర్చుండిపోయాను’ అన్న చోట ఆగిపోయాను. నిన్న నేను రాసింది తొందరపాటు, క్షమించండమ్మా.

ఆ ర్యాంకుల ప్రకటన నిజానికి నా పాఠం. వెయ్యిలోపు నలభై ర్యాంకులు అన్నారనుకోండి. ఆ కాలేజీ అన్ని బ్రాంచీల నుంచి ఎంతమంది రాశారు? రెండు వందల మందిలో నలభై అయితే ఒక కథ, నలభై వేల మందిలో నలభై అయితే ఇంకో కథ. హారం దాచేసి లవం మాత్రమే అరుస్తున్నారు. హారం లేని భిన్నం భిన్నమే కాదని ఆరో తరగతిలో మేం చెప్పిందే.

అలాగే పట్టీ గ్రాఫులు. నిలువు గీత సున్నా నుంచి కాకుండా 90 నుంచి మొదలుపెడితే 92 పట్టీ కంటే 96 పట్టీ మూడు రెట్లు పొడవుగా కనబడుతుంది. ‘ముప్పు రెట్టింపు’ అంటారు. లక్షలో ఒకరు ఇద్దరైనా రెట్టింపే. నాకు అదనపు పీరియడ్ అక్కర్లేదు, నిష్పత్తులు, శాతాల పాఠంలోనే ఇవి పెట్టేస్తాను. రేపే మొదలు.

సుజాత_ఉప్పల్ | ఆదివారం, మధ్యాహ్నం 3:10

క్షమాపణ ఎందుకు సార్, మీరు అడిగింది కూడా న్యాయమే. ఆ లవం హారం మాట మాత్రం మా ఆయనకు చదివి వినిపించాను.

గడపలో_తాత | ఆదివారం, సాయంత్రం 5:30

నాకు 71 ఏళ్లు. మీరందరూ పిల్లలకు నేర్పాలంటున్నారు. ఫార్వర్డ్ చేసేది మాలాంటి వాళ్లం తల్లీ. మనవరాలు ‘తాతా, ఇది తప్పు’ అంటే మొదట కోపం వచ్చింది. పదిమందిలో అంటే ఇంకా బాధ. ఒకరోజు అది పక్కన కూర్చుని ‘తాతా, ఇద్దరం కలిసి చూద్దామా’ అంది. అప్పటి నుంచి పంపే ముందు దాన్నే పిలుస్తున్నాను. పిల్లలకు ఆ మాట తీరు కూడా నేర్పండి.

ఓయూ_పీజీ | ఆదివారం, సాయంత్రం 6:02

తాతగారూ, మీరన్నది చాలా పెద్ద విషయం. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వీడియోలు వచ్చాయి. మన చాంద్రాయణగుట్టలో గుంపు దాడిలో ఒక ట్రాన్స్‌జెండర్ ప్రాణం పోయింది. అవే పుకార్లు గద్వాల, వనపర్తి వైపు కూడా పాకాయి. అక్కడ అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించి, ఇంటింటికీ పంపి మాట్లాడించారు. డప్పు, పాట, ఊరి భాషలో చెప్పించారు. నమ్మిన మనిషి ఎదురుగా కూర్చుని చెప్తేనే జనం విన్నారు. ‘కలిసి చూద్దామా’ అన్న మీ మనవరాలు చేసిందీ అదే పని.

ఫిల్మ్‌నగర్_అమ్మ | ఆదివారం, రాత్రి 8:45

నాకు ఒక భయం ఉంది. బడిలో పేపరు తెరిస్తే రాజకీయం రాకుండా ఉంటుందా? ఏ పేపరు ఎవరిదో, ఏ చానల్ ఎవరి వైపో తెలుగువాళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. టీచర్ ఒక మాటంటే ఒక వర్గం తల్లిదండ్రులు గొడవకు వస్తారు. టెన్షన్ పడేది మళ్లీ ఆ టీచరే.

పాతపేపర్ | ఆదివారం, రాత్రి 9:30

మీ భయం నిజమే అమ్మా. అందుకే మొదటి నెల ప్రకటనలు, ఆటలు, వానలతో మొదలుపెట్టమంటాను. కోచింగ్ ప్రకటనలనే తీసుకోండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో వాటికి మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఏ కోర్సు చదివాడు, ఎన్నాళ్లు చదివాడు, డబ్బు కట్టాడా లేదా అన్నది చెప్పాలి. విజయం సాధించాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో వాడాలి. షరతులను గొప్ప చెప్పుకున్న అక్షరాలంతే పెద్దగా అచ్చువేయాలి. ఈ మూడు నియమాలు బోర్డు మీద రాసి, పిల్లల చేతికి స్కేలు, పేజీ ఇవ్వండి. అక్షరాలు కొలుస్తారు.

కానీ రాజకీయం వద్దే వద్దు అంటే ఒప్పుకోను. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రకటనలనే వార్తలుగా వేసిన జాడ్యాన్ని మొదట బయటపెట్టిన వాళ్లలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఒకటి. తర్వాత దీని మీద, పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల కమిటీలో ఒకరు పరంజోయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ వెంటనే బయటపెట్టలేదు. సమాచార కమిషన్ చెప్పాక 2011లో బయటికి వచ్చింది. మా వృత్తిలో తప్పు జరిగిందని చెప్పింది మా వృత్తివాళ్లే. ఇది పిల్లలకు తెలిస్తే ‘అన్నీ అబద్ధాలే’ అనరు. లోపల పోట్లాడే మనుషులున్నారని తెలుస్తుంది.

చేయాల్సిందల్లా ఒకే సంఘటన మీద మూడు పేపర్ల హెడ్డింగులు పక్కపక్కన అంటించడం. ఏది మంచి పేపరో టీచర్ చెప్పొద్దు. ఏ పేపరు ఏం వదిలేసిందో పిల్లలు చెప్తారు.

ఫిల్మ్‌నగర్_అమ్మ | ఆదివారం, రాత్రి 9:52

మీరు అనుభవజ్ఞులు, గౌరవిస్తాను. అయినా ఎనిమిదో తరగతికి మూడు పేపర్ల ఆట తొందరేమో అనే నా అభిప్రాయం. పదో తరగతి తర్వాతైతే సరే.

బడిగంట | శుక్రవారం, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి. వారమంతా మీ పోస్టులు స్టాఫ్‌రూంలో చదువుతూ గడిచింది. ఈసారి అబద్ధం పట్టుకునే పని పూర్తిగా ఆపేశాను. నిజమై ఉండి నమ్మబుద్ధి కాని మాటలు తీసుకెళ్లాను.

బోర్డు మీద రెండే రాశాను. ఒకటి, ‘ఒక్కరోజులో బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది.’ రెండు, ‘1908 మూసీ వరదలో ఒక చింతచెట్టు 150 మందిని కాపాడింది.’ యథాప్రకారం ‘ఫేక్’ అని అరుపులు. సరే, వాకబు చేయండి అన్నాను. ఆ మాట బాగా పట్టింది, ఇప్పుడు టిఫిన్ బాక్సులో ఏముందో కూడా వాకబు చేస్తున్నారు.

వాన సంగతి తొందరగా తేలింది. 2000 ఆగస్టు 24, వాతావరణ శాఖ బేగంపేట లెక్క 241.5 మిల్లీమీటర్లు. కొలిచే సాధనం ఉంది, కొలిచే ఉద్యోగి ఉన్నాడు, రాసిపెట్టే పుస్తకం ఉంది. లెక్కలసారు చెప్పినట్టు స్కేలు తీసి 24 సెంటీమీటర్లు గోడ మీద గీశాం. ఆ గీత పక్కన నిలబడి కాళ్లు కొలుచుకున్నారు. ఒకమ్మాయి మోకాలి కింద వరకు వచ్చింది. ‘ఇంతే కదా టీచర్, ఇంతకే మునుగుతుందా’ అని అడిగింది. అక్కడి నుంచి చెరువులు, నాలాలు, పల్లపు బస్తీల మీదికి పోయింది మాట. పీరియడ్ బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

చింతచెట్టు తేలలేదు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చెట్టు ఉంది, ఏటా సెప్టెంబరు 28న అక్కడ చనిపోయినవాళ్లను తలుచుకుంటారు, ఇవి నిజం. వరద వచ్చింది, వేలమంది పోయారు, ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఇవీ నిజం. కానీ ఆ 150 ఎవరు లెక్కపెట్టారు? కొమ్మ మీదున్న వాళ్లా, తర్వాత చెప్పుకున్న వాళ్లా? క్లాసులో రెండు వర్గాలయ్యాయి. నేను తీర్పు చెప్పలేదు. చాలా కష్టంగా అనిపించింది, నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

అప్పుడు స్నానం చేయకుండా వచ్చిన ఆ అబ్బాయి లేచి, ‘టీచర్, అబద్ధం అనొద్దు, ఇంకా తెలియదు అని రాద్దాం’ అన్నాడు. బోర్డు మీద నిజం, అబద్ధం అని నేను గీసిన రెండు గళ్ల పక్కన వాడే వచ్చి మూడో గడి గీశాడు. చాక్‌పీస్ విరిగింది, ముక్కతోనే రాశాడు: ‘ఇంకా తెలియదు. ఎవరిని అడగాలి?’

ఆ గడి ఇంకా తుడపలేదు. స్వీపరమ్మకు కూడా చెప్పాను.

పాతపేపర్ సార్, ఒక మనవి. క్రియల అభ్యాసం నేను చేయిస్తే సగమే వస్తుంది. మీరే ఒకసారి మా బడికి రాగలరా? ఆటో ఛార్జీ మేం పెట్టుకుంటాం.

లెక్కలసారు | శుక్రవారం, రాత్రి 9:40

ఆ అబ్బాయికి నా తరఫున ఒక జామెట్రీ బాక్సు. ఎవరితో పంపాలో చెప్పండి.

పాతపేపర్ | శనివారం, ఉదయం 6:10

ఆటో వద్దమ్మా, సిటీ బస్సు ఉంది. వచ్చే గురువారం మూడో పీరియడ్‌కు వస్తాను. ఒకే తారీఖు పేపర్లు నాలుగు రకాలు, ఒక్కోటి పది కాపీలు తెస్తాను. బెంచీలు గోడకు జరిపించి ఉంచండి, పేపరు నేల మీద పరుచుకుంటేనే చదవడం కుదురుతుంది. పిల్లల దగ్గర ఎర్ర స్కెచ్‌పెన్నులు ఉన్నాయా, నేను తేవాలా?

బడిగంట | శనివారం, ఉదయం 7:25

ఉన్నాయి సార్. నలభై రెండు మంది, అందరి దగ్గరా ఉన్నాయి.